పదకొండో గడి

ఇన్‌స్పెక్టరు ఫఫోలి గారు కాగితం నా ముందుకు తోశారు.
పది గడులు నింపేశాను:
గది ఒకటి. రేకుల కప్పు. కొవ్వొత్తులు నెలకి ఇరవై.
పిల్లలు పంతొమ్మిది మంది, అందరూ గొర్రెల కాపరులే,
మంద దొడ్లో చేరాక వస్తారు,
రాత్రి బడి.
పదకొండో గడి అడుగుతోంది:
"విద్య గురించి మీ తాత్విక దృక్పథం. యాభై మాటలు మించకుండా."

బయట మలోటి కొండల మీద జూన్ మంచు.
ఏరు గడ్డకట్టేలోగా ఆయన అవతలికి దాటాలి.
నాకేమో కలం కదలడం లేదు.

లెబువాజ్వాంగ్ గురించి రాయాలా?
మొదటి రాత్రి, దుప్పటి ముసుగులోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి,
బోర్డు మీది అంకెల్ని
పరాయి ఊరి కుక్కల్ని చూసినట్టు చూశాడు.
"నీ మందలో ఎన్ని?" అన్నాను.
"అన్నీ" అన్నాడు.
మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, ఒప్పుకుంటున్నాను.
"మరి ఒకటి తప్పిపోతే నీకెలా తెలుస్తుంది?"
నావైపు జాలిగా చూశాడు.
"మీ ఇంట్లో ఎవరైనా రాత్రి గటక తినడానికి రాకపోతే
లెక్కపెట్టి తెలుసుకుంటారా, టీచర్?"

మూడు రోజులు ఆ ప్రశ్న
మేకపోతు మెడలో గంటలా నా వెంటే తిరిగింది.

తర్వాత ఉన్ని కత్తిరించే కాలం వచ్చింది.
తూకం దగ్గర వేలిముద్ర వేసి వచ్చాడు,
గుప్పిట్లో డబ్బు, ముఖంలో అనుమానం.
ఆ రాత్రి నా చేతిలో సుద్దముక్క వాడే లాక్కున్నాడు.
నేను నేర్పానని చెప్పుకోను.
ఆకలైనవాడికి కుండ ఎక్కడుందో చూపించాను, అంతే.

ఇది రాస్తే బాగుంటుంది. ఇన్‌స్పెక్టర్లకు నచ్చుతుంది.
కానీ ఇది రాసి అది రాయకపోతే అబద్ధం:

తకానే.
పన్నెండేళ్ళ పిల్ల. జబ్బుపడ్డ తమ్ముడికి బదులు మందను తోలేది.
హెచ్చవేత చెబుతుంటే కిసుక్కున నవ్వింది.
ఊరుకోమన్నాను. మళ్ళీ నవ్వింది.
కర్ర అందుకున్నాను.
రెండు దెబ్బలే.
రెండు అన్నది నాకు గుర్తున్న అంకె,
తనకి ఎన్ని గుర్తున్నాయో తెలియదు.
భయమేస్తే నవ్వొచ్చే పిల్ల అని
వాళ్ళ అమ్మమ్మ తర్వాత చెప్పింది,
నన్ను గడప బయటే నిలబెట్టి, కూర్చోమనకుండా.
తకానే మరి రాలేదు.
కర్రని పొయ్యిలో పెట్టాను.
మామూలు కట్టెలాగే కాలింది.
గిన్నెడు నీళ్ళు కూడా కాగలేదు.

శిక్షణ కళాశాలలో మాకు చెప్పారు,
పిల్లలు ఖాళీ సంచులని ఒకాయన,
మొలకలని ఒకావిడ,
మైనం ముద్దలని ఇంకెవరో.
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను,
ఒక్క పిల్లవాడూ వాటిలో దేనిలాగానూ లేడు.
పిల్లవాడిలాగే ఉన్నాడు, చలికి ముక్కు కారుతూ,
ఒంటినిండా పిడకల పొగ వాసనతో,
రబ్బరు బూట్లలో ఎండుగడ్డి కుక్కుకుని.

ఇప్పుడు హాజరు పుస్తకం తెరిచేముందు,
దొడ్డి వాకిట లెబువాజ్వాంగ్ నిలబడ్డట్టే నిలబడతాను.
పేర్లు పిలవను. ముఖాలు చూస్తాను.
దగ్గేవాడు ఈ పూట దగ్గడం లేదేమిటి,
కిటికీ కింద బల్ల అంత చల్లగా ఎందుకుంది...
అంకెలు వాడు నా దగ్గర నేర్చుకున్నాడు.
లెక్క నేను వాడి దగ్గర.

ఫఫోలి గారు గడియారం చూసుకున్నారు.
రాశాను: "ఎవరు రాలేదో చూస్తాను."
"మూడే మాటలు," అన్నారాయన, "ఇంకా నలభై ఏడున్నాయి."
ఉండనివ్వండి, అన్నాను.

చలికి జీపు మొరాయించింది.
పిల్లలు దుప్పట్లు నడుముకి బిగించి వెనకనుంచి తోశారు,
న్‌గ్వే, పెడి, తారో అని అరుస్తూ.
మూడుకే ఇంజను అందుకుంది.
ఎర్ర దీపాలు మలుపు తిరిగిపోయాయి.
లెబువాజ్వాంగ్ మాత్రం ఆపలేదు.
చీకటి దారి మధ్య, చేతులింకా ముందుకు చాచే ఉంచి,
పద్నాలుగు, పదిహేను, పదహారు,
ఎక్కడా తప్పకుండా, ఒక్కడే.