నిప్పు లేని పొగ

యెల్ దీవిలో ఈ వైపుకి అంగడి మాదొక్కటే.
ముందు రొట్టెలు, గాలపు దారం, గొర్రెల మందు,
మూలన తపాలా బల్ల.
బల్ల వెనక నేను, ఓస్లా.

మంగళవారం పొద్దున
గాలికి తలుపు తెరుచుకుందనుకున్నా.
గిబ్బీ ఇస్బిస్టర్.
రెండు చేతులూ చాచి
ఒంటికి ఆమడ దూరంలో పట్టుకున్న బిస్కెట్ల డబ్బా.

తూకం మీద పెట్టాడు. పదకొండు వందల గ్రాములు.
"అందులో వెయ్యి ఇసుకే.
ఒడ్డు నుంచి తెచ్చి పొయ్యి పక్కన రెండు రోజులు ఆరబెట్టా.
తడి ఉండకూడదు కదా."
నలభై ఏళ్లు పడవ ఇంజన్లకు కాపలా కాసినవాడు,
ఏది ఎప్పుడు అలుగుతుందో వాసనతో పట్టేస్తాడు.

మూత తీశాడు.
ఇసుకలో మెడ దాకా పాతిన
నల్లటి వేప్ గొట్టం.

కంపెనీ ఉత్తరం నాలుగు మడతలు విప్పాడు.
ఛార్జింగ్ పెట్టకండి.
జేబులో ఉంచకండి.
చెత్తలో వేయకండి.
వెంటనే మాకు తిప్పి పంపండి.

నా బల్ల మీద అంటించిన కాగితం చూపించా.
లోపమున్న బ్యాటరీలు తపాలాలో తీసుకోము.

కళ్లద్దాలు పైకి తోసి
ఇదోసారి అదోసారి చదివాడు.
"వీళ్లిద్దరికీ మాటల్లేవా?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.
ఇక్కణ్ణుంచి ఏ పొట్లమైనా రెండు పడవలు ఎక్కాలి.
పడవ పొట్టలో, ఉత్తరాల సంచుల మధ్య,
ఎవరి మనవరాలికో అల్లిన స్వెట్టర్ పక్కన
ఇది వేడెక్కితే?

"లక్షకి నాలుగేనట పాడైనవి," అన్నాడు,
నన్ను ఒప్పించడానికో, తనని తానో.
"రెండేళ్లు ఈ జేబులోనే పడుకుంది.
ఒక్క రోజు కూడా చిటపటలాడలేదు.
నాది మంచిదేమో."
కాస్త ఆగి,
"లక్షకి నాలుగంటే పడవ మీద మేమూ నవ్వేవాళ్లం,
మాన్సీ చేతిలో టార్చి పేలిందాకా."

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఆ మాట అబద్ధం చేశానని
దీవంతా చెప్పుకు తిరిగాడు ఈ రెండేళ్లూ,
నోట్లోంచి మామిడి వాసన మబ్బులు వదులుతూ.
మామిడి చెట్టు ఎలా ఉంటుందో కూడా తెలీదు పాపం.
ఇప్పుడు నిప్పు
తన వాటా అడగడానికి వచ్చింది.

అప్పుడు చూశాడు, నా భుజం మీదుగా.
నా వెనక తలుపులేసిన బీరువా.
చట్టం ప్రకారం వేసే ఉంచాలి.
లోపల ఏముందో అతనికి తెలుసు,
ఏ అరలో, ఎడమా కుడా, అదీ తెలుసు.

వాటిని వెనక్కి పంపమని
ఎవరూ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు.
వాటిలో లోపమేమీ లేదు.
అవి చేయాల్సిన పనే
సరిగ్గా చేస్తాయి.

అడిగితే ఇవ్వాల్సిందే నేను.
బీరువా తాళం నా వేళ్లకు చల్లగా తగులుతోంది.
బయట ఒక గొర్రె దగ్గింది.
గిబ్బీ చెయ్యి జేబులోకి వెళ్లింది,
ఖాళీ జేబు,
అలవాటుగా తడిమి
చిల్లరతో బయటికొచ్చింది.

"పెన్సిల్ ఉందా," అన్నాడు. "వడ్రంగులది. బల్లపరుపుది."
ఇచ్చా.
పళ్ల మధ్య పెట్టుకుని
ఎర్ర రంగు రుచి చూసి మొహం చిట్లించాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే, పావుగంట సంగీతం తర్వాత
శుక్రవారం బండి పంపుతామన్నారు.
అందాకా డబ్బా మా గోడ మీద,
పీట్ కుప్పకు ఇరవై అడుగులు ఎడంగా,
మూత మీద రాయి.
మూత బిగిస్తే ఊపిరాడదని
సందు వదిలి, పైన రేకు కప్పాడు గిబ్బీ,
ఎవరో రోగిని పడుకోబెట్టినట్టు.

రాత్రి రెండింటికి లేచి కిటికీలోంచి చూశా.
వాన. గోడ. రేకు.
ఏ వెలుగూ లేదు.
అయినా కాసేపు నిలబడ్డా.

బుధవారం మళ్లీ వచ్చాడు.
పెన్సిల్ బల్ల మీద పెట్టాడు,
సగం దాకా పళ్ల గాట్లు, రంగు లేచిపోయిన కర్ర.
బీరువా వైపు చూడలేదు.
చూడకుండా ఉండటానికి
ఎంత కష్టపడ్డాడో మాత్రం చూశా.

"ఇంకొకటి," అన్నాడు.