ఐదో ముఖం

జిలీబ్‌లో ఆగస్టు.
మెట్ల రెయిలింగు పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంటుంది.
నా వాటాకొచ్చినవి రెండు వందల పన్నెండు ఫారాలు,
ఒక్కోదాన్లో నలభై ప్రశ్నలు,
ప్రతి ప్రశ్న పక్కనా చిన్న చిన్న గళ్ళు.
పదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని,
గడి ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు.

లూర్దమ్మ చేతిలో మాత్రం
రంగు పెన్సిళ్ళ డబ్బా, గీతల్లేని నోటుపుస్తకం.
తను ఒక్క ఇంట్లో కూర్చుందంటే
నేను ఆరిళ్ళు ముగించుకొస్తాను.
"నీవన్నీ కథలు" అనేదాన్ని.
"నీదంతా చిల్లర" అనేది తను.

నాలుగో అంతస్తు, పదహారో గది.
"ఇంట్లో ఎంతమంది?"
"నలుగురం మేడమ్, రాసుకోండి" అన్నాడు ఖాదర్‌వలీ
తలుపుకి అడ్డంగా నిలబడి.
అతని మోకాలి పక్కనుంచి తల పెట్టి
"పదకొండు మంది ఉండారు" అంది అర్షియా.
ఆ తండ్రి చెయ్యి పిల్ల నోటి మీదికి పోయింది,
కొట్టడానికి కాదు,
గాలికి లేచే కాగితం మీద
అరచెయ్యి వేసినట్టు.

గదిని మూడు ముక్కలు చేసిన ప్లైవుడ్డూ
పువ్వుల దుప్పటి తెరా
నాకూ కనిపిస్తూనే ఉన్నాయి.
మునిసిపాలిటీకి తెలిస్తే
పదకొండు మందీ రోడ్డు మీదే.
నాలుగు అని రాశాను.
లెక్కల టీచర్ని.
నాలుగు అని రాశాను.

ఇరవై మూడో ప్రశ్నకి అంకెలుండవు,
ఏడుపు నుంచి నవ్వు దాకా ఐదు ముఖాలుంటాయి.
"భయం లేకుండా ఉండే చోటు ఉందా నీకు?"
ఏడేళ్ళ వేలు తడుముకోలేదు.
ఐదో ముఖం.
టిక్కు పెట్టి పై అంతస్తుకి పోయాను.
ఆ వారం సగటు తీస్తే నాలుగు పాయింటు ఒకటి.
"బాగుందే" అన్నారు డైరెక్టర్ గారు.
నేనూ అన్నాను.

లూర్దమ్మ మర్నాడు మళ్ళీ పోయి
"ఆ చోటేదో గీసి చూపించు" అందట.
అర్షియా ఒక పెట్టె గీసింది.
పెట్టెలో తను. గోడకి ఆరు చుక్కలు.
కిటికీ ఏదమ్మా అంటే
కిటికీ ఎందుకుంటాది, లిఫ్టు కదా అంది.

అమ్మ తెల్లారి ఐదింటికే
ఎవరిదో ఇల్లు తుడవను పోతుంది.
తెర అవతల నైట్ డ్యూటీ వాళ్ళు పడుకుంటారు.
దగ్గితే ష్,
చెంచా కింద పడితే తిట్టు.
వాళ్ళని మాత్రం ఏమనగలం, వాళ్ళదీ నిద్రే.
"లిఫ్టులో ఐతే గెట్టిగా పాడుకోవచ్చు ఆంటీ.
సల్లగా ఉంటాది.
అద్దంలో ఇంకో పిల్ల ఉంటాది.
నొక్కితే యాడికంటే ఆడికి పోతాది."

నలభై ఒకటో ప్రశ్న చేత్తో రాసి
అన్ని ఫారాలకీ పిన్ను కొట్టాను.
ఆ చోటు ఏది?
మళ్ళీ అవే మెట్లు, అవే తలుపులు.
పంతొమ్మిది ఈసారి తెరుచుకోలేదు.
తెరుచుకున్న వాటిలో ముప్పై ఏడుగురు
లిఫ్టు అన్నారు, మెట్ల కింద అన్నారు,
డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడ అన్నారు,
టైర్లు పోయిన కారు వెనక సీటు అన్నాడొకడు.
అందరూ ఐదో ముఖం మీద వేలు పెట్టినవాళ్ళే.

ఒక్క అర్షియాని తీసుకెళ్తే
ఒక పిల్ల ముచ్చటని పక్కన పెడతారు.
ఒక్క నాలుగు పాయింటు ఒకటిని తీసుకెళ్తే
చప్పట్లు కొడతారు.
అందుకని పిల్ల బొమ్మనీ నా ముప్పై ఏడునీ
ఒకే కాగితానికి అటూ ఇటూ అచ్చు వేయించాం.
ఎటు బోర్లా వేసినా
రెండోది పైకి చూస్తూ ఉంటుంది.
పేర్లు లేవు, గది నంబర్లు లేవు.
పదకొండు ఎక్కడా లేదు.
అది నా దగ్గరే ఉంది.

జవాబు ఇంకా రాలేదు.

చివరి రోజు లిఫ్టు తలుపు తెరిస్తే
చెప్పులు విప్పేసి కూర్చుని ఉంది,
పాట సగంలో ఆపి.
తలుపు మూసుకున్నాక, అలవాటు పోక అడిగాను:
"ఇక్కడ ఎంతమంది?"
నన్ను చూసింది, తనని చూసుకుంది,
అద్దంలోకి చూసి వేళ్ళు మడిచింది.
"నలుగురం మేడమ్,
రాసుకోండి."