కూత

టికెట్టు ముప్పై. బెంచీ అయితే యాభై.
షంషుద్దీన్ ప్రెస్సులో పెళ్ళిపత్రికలకు పోగా మిగిలిన
గులాబీ కాగితం మీద కొట్టించినాం, పన్నెండు నూర్లు.
సెమీ ఫైనల్ అని రాసిస్తే
సేమ్యా ఫైనల్ అని అచ్చయింది.
చర్చి వీధి పిలకాయలు పొట్టలు పట్టుకోని నవ్వినారు:
"గెలిస్తే పాయసమా అన్నా?"

అది బెల్లం మండీ కప్పు.
కబడ్డీ. మిట్టూరుకూ పలమనేరుకూ.
బుధవారం సాయంత్రానికి అమ్మింది నూట పద్నాలుగు,
అందులో ముప్పై ఆటగాళ్ళ చుట్టాలవి, అప్పు.

నేను మండీలో లెక్కలు రాసేవాణ్ణి.
దిమ్మెను తట్టి పాకం చెప్పగలను గానీ
మనిషిని తట్టి జేబు చెప్పలేను.
అయినా చెంగల్రాయన్న కట్ట నా చేతిలో పెట్టి
"పో అబ్బయ్యా, ఈ వారం నువ్వే మన రైడరు" అన్నాడు.

గీత దాటినాను.
దర్గా సర్కిల్ నుంచి కట్టమంచి దాకా ఒకటే ఊపిరి
ముప్పైరూపాయలే ముప్పైరూపాయలే ముప్పైరూపాయలే
మధ్యలో ఆపితే అవుటు.
టీ అంగడి దొరస్వామి అందినట్టే అంది
"టీవీలో ఊరికే చూపిస్తారు గదా" అని జారుకున్నాడు.
కిళ్ళీ బంకు ఆయన పాత బాకీ గుర్తుచేసి
నా మడమే పట్టుకున్నాడు.
సైకిల్ షాపులో ముగ్గురు చెయ్యీ చెయ్యీ కలిపి చుట్టుముట్టి
పోయినేడు వానకు ఆట ఆగితే డబ్బులు వాపసియ్యలేదని
నన్ను మట్టి కరిపించినారు.
ఖాళీ చేతుల్తో గీత తాకినాను, ఆ రాత్రి.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ తగిలింది పాయింటు.
షిఫ్టు వదిలినారు. మణికట్టు దాకా పసుప్పచ్చగా చేతులు.
ఒకామె, కుప్పమ్మ, ముక్కు మీది చెమట మోచేత్తో తుడుచుకోని
"ఆడోళ్ళకు జాగా ఉండాదా?" అనింది.
ఉండాది అనేసినాను. లేదు.
"బెంచీలోనే?"
"బెంచీలోనే."
నలభై ఒక్క టికెట్లు, యాభై లెక్కన.
ఆ నోట్లు ఎంచిన వేళ్ళకు రాత్రంతా తోతాపురి వాసన.
తెల్లారి గుంజలు పాతి, తాళ్ళు కట్టి
నా అబద్ధాన్ని నిజం చేసేసరికి
అరచేతులు బొబ్బలు.

ఆదివారం గేటు కాడ నిలబడింది నేనే.
చించడం, సగం ఇవ్వడం, సగం డబ్బాలో వేయడం.
లోపల ఆట నాకు తడికెల సందులో
ఒక మోకాలు, ఇంత దుమ్ము, ఒక విజిలు.

ఆట సగమయినాక టమోటా వ్యాను వచ్చి ఆగింది.
ఏడుగురు దిగినారు, పలమనేరోళ్ళు.
దోవలో టైరు పేలిందంట.
"మా వాళ్ళ పక్క యాది?"
వాళ్ళకొక పక్క ఉండాలని మాకెవురికీ తోచలేదు.
లోపల తొమ్మిది నూర్ల మందీ మా వాళ్ళే.
కుప్పమ్మ వరసలో కడాన కూర్చోబెట్టినాను.
సగం ఆటకు సగం రేటు చాలంటే
పెద్దాయన ఒప్పుకోలేదు, నిండుగా ఇచ్చినాడు.

కడగొట్టు కూత.
మా దేవరాజులు పోయినాడని అరుపు చెప్పింది.
ఆమీద అరుపు కూడా లేదు.
తొమ్మిది నూర్ల ఊపిర్లు బిగబట్టిన చప్పుడు
ఎప్పుడైనా విన్నారా?
పాకం పొంగే ముందర బెల్లం పెనం
ఇట్లనే ఉంటాది.

ఆమీద ఒక కేక.
ఏడు గొంతులది.
చిన్నది. అంత చిన్నది కాబట్టే
చూడకుండానే నాకు తెలిసిపోయింది.

ఎంతసేపో.
తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టినారు,
గట్టి చేతులు, పని చేసిన చేతులు,
ఒక జత, పది జతలు, ఆ తాళ్ళ లోపలంతా.
ఎవరికి కొట్టినావు మే అని బయటికొస్తున్న కుప్పమ్మను అడిగితే
"యాభై ఇచ్చినాం గదా,
కొట్టకుండా యాడికి పోతాం" అనేసి బస్సుకు పరిగెత్తింది.

రాత్రి మండీలో లెక్క తేల్చినాం.
అమ్మినవి తొమ్మిది నూర్ల అరవై రెండు.
డబ్బాలో సగాలు తొమ్మిది నూర్ల అరవై ఒకటి.
చెంగల్రాయన్న మూడు మార్లు ఎంచినాడు,
షంషుద్దీన్ అచ్చు కూలి కోసం గడపలోనే కూర్చున్నాడు.
నాలుగో మారుకు నేను చొక్కా జేబు తడుముకున్నాను.
మొదటి రోజు, బోణీకని,
నా దుడ్లతో నేనే కొనుక్కున్నది,
చెమటకు రంగు దిగి, చిరగకుండా,
సేమ్యా ఫైనల్ అని నిండుగా.