ఫైవ్ బై ఎయిట్ సీలు

సర్జాపుర రోడ్డులో ఒక మేడ, మూడో అంతస్తు మీద
వేడినీళ్ల తొట్టి.
మేడం దాన్ని హాట్ టబ్ అంటుంది,
మా ఇమాంవల్లి ఇడ్లీపాత్ర అంటాడు.
నా పని దాని కింద, చెక్క తలుపు వెనక,
బోర్లా పడుకుంటే తప్ప కనిపించని
ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారుతో.

మూడు వారాలుగా కారుతోందట.
ఒక చుక్క. ఆలోచించుకుని ఇంకో చుక్క.
కింద పెట్టిన స్టీలు గిన్నె రోజుకు రెండుసార్లు నిండుతోంది.
ఆ నీళ్లు పారబొయ్యలేక మందారం కుండీలో పోస్తున్నానంది
తప్పు ఒప్పుకున్నట్టు.
క్లోరిన్ నీళ్లు మేడం, అన్నాను.
ఇద్దరం ఆకుల వైపు చూశాం.

బ్రేకర్ దించాను. రెండు వాల్వులూ మూశాను.
యూనియన్ వదులు చేస్తే పైపులో మిగిలిన గోరువెచ్చని నీళ్లు
మోచేతి దాకా వచ్చి పలకరించాయి.
నాలుగు బోల్టులు. మూడు చెప్పిన మాట విన్నాయి.
నాలుగోదానికి నూనె, సుత్తి, కొంచెం తిట్టు.

వెనక షాఫ్టు గట్టిగా పట్టుకోరా వల్లీ, అని
ముందు నుంచి ఇంపెల్లర్‌ని ఎడమకి తిప్పాను.
పాత సీలు అరచేతిలోకి జారింది.
స్ప్రింగంతా తుప్పు. రబ్బరు నిలవ బిస్కెట్టు.
నల్లటి కార్బన్ మొహం మీద ఒకే గీత, గుండ్రంగా,
వేలిగోరు దిగేంత.
పన్నెండొందల లీటర్లకి దారి దొరికింది అక్కడే.

కొత్తది చొక్కా జేబులో ఉంది.
ఎస్పీ రోడ్డు సేటు నాలుగొందల యాభై చెప్పి
మూడొందల ఎనభైకి దిగి, కాగితంలో చుట్టిస్తూ
మొహం ముట్టుకోవద్దని కన్నడంలో, తమిళంలో, హిందీలో చెప్పాడు.
నేను తెలుగులో తలూపాను.
ఆ సంగతి నాకు కొత్తా?
యశ్వంతపుర షెడ్డులో దస్తగిరి మేస్త్రి
స్పానర్‌తో నా వేళ్ల మీద కొట్టి నేర్పాడు:
నీ వేలి జిడ్డు చాల్రా, దాన్ని చంపడానికి.

రెండు మొహాలు.
తెల్ల పింగాణీది కదలదు.
నల్లది నిమిషానికి రెండువేల ఎనిమిది వందల సార్లు తిరుగుతుంది.
రెండూ ఒకదాన్నొకటి అదుముకుని నీళ్లని ఆపుతాయని
ఆరేళ్లు నమ్మాను.
మధ్యలో ఒక నీటిపొర ఉంటుందట,
వెంట్రుకని నిలువునా యాభై చీలికలు చేస్తే
అందులో ఒక చీలికంత.
నీళ్లని ఆపేది ఆ నీళ్లే.
అది ఆరిపోయిందా, పది నిమిషాల్లో
మొహాలు రెండూ కొరుక్కు తింటాయి.

ఈ ముక్క మేడంకి చెప్పాలనిపించింది.
నా హిందీ అంత దూరం పోదు.
సీలు చూపించి, పానీ చాహియే, అన్నాను.
ఆమె లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.
తాగాను.

రబ్బరుకి సబ్బునీళ్లు రాసి,
పింగాణీని మెత్తటి గుడ్డతో పట్టి,
పీవీసీ ముక్క ఆనించి బొటనవేలితో నొక్కాను.
వల్లి ఊపిరి బిగబట్టాడు, సూది తనకే వేస్తున్నట్టు.
టక్కుమని కూర్చుంది.

మోటారు పొట్ట మీది దుమ్ము తుడుస్తుంటే
కింద ఒక తేదీ బయటపడింది.
నాలుగేళ్ల కిందటిది.
పెన్నుతో రాసింది కాదది, ఆ నలుపు నాకు తెలుసు:
ఎవడో అప్పటి అరిగిన సీలుతోనే రాశాడు.
కింద కన్నడంలో ఒకే మాట, ఒణగిసబేడి.
ఎండనివ్వకండి.
అక్షరాలన్నీ కుడివైపు ఒరిగున్నాయి.
వాడూ నాలాగే ఈ ఇరుకులో బోర్లా పడుకునుంటాడు.

నేను తీసిన పాత రింగుతో ఇవాళ్టి తేదీ వేశాను.
తెలుగులో నా వంతు ఏం రాయాలో తోచలేదు.
వాడి మాట కింద గీత గీసి వదిలేశాను.

వాల్వులు తెరిచాం. యూనియన్ దగ్గర గాలి బుసకొట్టి, ఉమ్మి,
నీళ్లకి దారిచ్చింది.
స్విచ్ వేశాక మోటారు ఒకసారి గొంతు సవరించుకుని
తన పాటికి తను తిరిగింది.
కింద టిష్యూ కాగితం పరిచి అరగంట కూర్చున్నాం.
వీధిలో నీళ్ల ట్యాంకరు హారను కొడుతూ వెనక్కి వస్తోంది.
కాగితం పొడిగానే ఉంది.

మేడం డబ్బులిచ్చి, వంగి,
గిన్నెని మళ్లీ మోటారు కిందికే జరిపింది.
ఈ ఒక్క రాత్రికి, అంది.
సరే అన్నాను.