దమ్మున్న నాయకుడు

పదకొండింటికన్నారు. ఒంటిగంటయింది.
చీమకుర్తి పాత క్వారీ గుంటలో
గంజాయి బస్తాలు రాశిపోసి, పక్కన డీజిలు డబ్బాలు.
షామియానా కింద కుర్చీలకు తెల్లగుడ్డలు.
నేను వీఆర్వోని. పట్టుబడ్డ ప్రతి మూటకీ
మధ్యవర్తి సంతకం నాది.
ఎండలో నిలబడడానికే పుట్టిన ఉద్యోగం.

ఫ్లెక్సీలో చేతులు జోడించి శేషగిరి.
కింద పెద్దక్షరాలు: దమ్మున్న నాయకుడు.
నాకు నవ్వొచ్చింది.
ఎవరూ చూడకుండా దాన్ని దగ్గు చేశాను.

ఎనభై నాలుగు. ఒంగోలు, లాయర్‌పేట, రేకుల గది.
ఇప్పటి చట్టం ఇంకా పుట్టలేదు.
శనివారాలు ఒకే సైకిలు మీద కొత్తపట్నం పోయేవాళ్ళం,
ఎదురుగాలికి వాడు తొక్కేవాడు, తిరుగుదారిన నేను.
పడవల చాటున ఒక బైరాగి. రూపాయికి పొట్లం.
బీడీలో పొగాకు రాల్చి,
వాళ్ళ నాయన బ్యారన్లో ఆకు గ్రేడు చేసినంత ఓపికగా
విత్తులేరి, నలిపి, కూరి, వెలిగించి
మొదటి దమ్ము ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు.
అదొక్కటీ చెప్పాలి.
రెండో దమ్ముకి సముద్రం దగ్గరకొచ్చేది.
మూడో దమ్ముకి వాడు రాజ్యమేలేవాడు:
"నేను గెలిస్తే అబ్బయా, జైళ్ళన్నీ బళ్ళు చేస్తా."
సరేననేవాణ్ణి. ఆ వేళప్పుడు ఎవరైనా సరేనంటారు.

ఒక రాత్రి హెడ్డు కానిస్టేబులు
టార్చి మొహాన కొట్టి, ఎవరి పిల్లోడివిరా అన్నాడు.
వాడు నాయన పేరు చెప్పాడు.
ఆ పేరుకు ఎనిమిది బ్యారన్లున్నాయి.
టార్చి ఆరిపోయింది.
"చదువుకునే పిల్లోళ్ళు, ఇంటికి పోండయ్యా."
నన్నెవరని అడగలేదు. ఆ పేరు నాకూ సరిపోయింది.

అంకబాబు నాయనకు అట్టాంటి పేరు లేదు.
రాయి పాలిష్ చేసే కార్ఖానాలో రాత్రి షిఫ్టు,
పంతొమ్మిదేళ్ళు, కనురెప్పల మీద కూడా పిండి.
జేబులో నలభై గ్రాములు.
అంత చిన్న తూకానికి స్టేషన్లో కాటా లేక
కంసాలి కొట్లోంచి తెప్పించారు.
బంగారం తూచే పళ్ళెంలో ఆకు.
"ఎవరిచ్చారు?" "అన్న."
"ఏ అన్న?" "అందరూ అన్నే అంటారు సార్."
నాలుగు కాపీలు. నాలుగిట్లోనూ నేనే.
బెయిలిచ్చారు. ఇద్దరు జామీను నిలబడాలన్నారు.
ఇద్దరు దొరక్క నలభై ఒక్క రోజులు, ఇంకా లోపలే.

శేషగిరి మైకందుకున్నాడు.
మత్తంటే ఏందో ఎరగనన్నాడు. చప్పట్లు.
ఒక్క పొట్లం దొరికినా వదిలేది లేదు,
చదువుకునే పిల్లోడైనా సరే అన్నాడు. చప్పట్లు.
ఆ నోటితోనే పొగాకు కిలోకి మూడొందలిప్పిస్తానన్నాడు.
ఈసారి వెనకవరసలు కూడా లేచాయి.

అంటించారు.
గాలి ఉన్నట్టుండి మా మీదికి తిరిగింది.
ఎస్సై, తాసీల్దారు, విలేకరులు, ఎన్సీసీ పిల్లలు
అందరి ముక్కులకూ కర్చీఫులు.
ఇద్దరం పెట్టుకోలేదు.
వాడు కళ్ళు మూసుకున్నాడు, ఒక్క క్షణం,
సముద్రం ఎంత దగ్గరకొచ్చిందో
నాకు తెలుస్తూనే ఉంది.

కారెక్కబోతూ ఆగాడు. "ఎట్టుండావు?"
"బాగుండాను సార్."
"పిల్లలూ?" "బాగుండారు సార్."
ఇంకో పిల్లోడి మాట నాలుక మీదిదాకా వచ్చింది.
గన్‌మన్ తలుపేశాడు.

అంతా కాలి బూడిదైందని, మిగిలిందేమీ లేదని
నివేదిక రాసి, సంతకం పెట్టాను.

రాత్రి జామీను ఫారం ముందేసుకున్నాను.
పట్టించిన చెయ్యే విడిపిస్తానంటే
కోర్టు ఒప్పుకుంటుందో లేదో తెలియదు.
అయినా ఒక గడి నింపాను.
రెండోది ఖాళీ.
చొక్కా ఇంకా వాసనొస్తూనే ఉంది.
వాడి నంబరు నా దగ్గర లేదు.
ఫ్లెక్సీ మీద ఒకటుంది గానీ, అది
గంజాయి తాగేవాళ్ళ ఆచూకీ చెప్పడానికి.