తుమ్ము

మంగళవారం మంగళవారం వస్తుంది బూంది,
మెడలో ఆసుపత్రి కార్డు వేసుకుని.
మూడో అంతస్తులో అందరికీ చుట్టమే.

ఎస్తేరమ్మ మా ఆయన కుడిచేతికి దువ్వెన కట్టి
"దువ్వు మస్తానన్నా" అంటుంది.
చెయ్యి కదలదు. కుక్క కూడా కదలదు,
ఎంతసేపైనా.

గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు లెక్కపెట్టిన నోరు.
లారీ మీంచి తలకిందులుగా పడ్డాక
అందులో మిగిలింది "ఒకటి".
నీళ్లు కావాలన్నా ఒకటి,
నొప్పన్నా ఒకటి,
నా పేరూ ఒకటే.

ఇవాళ కాయలకి తొడిమలు తీసి తీసి
చీర మార్చుకోకుండానే వచ్చాను.
బూంది నా కొంగు వాసన చూసి
తుమ్మింది.
"ఒకటి" అన్నాడు.
అది ఎప్పుడూ అనేదేగా.
మళ్లీ తుమ్మింది.
పెదవులు వెతుక్కున్నాయి, దవడ వణికింది,
"రెం... డు."

ఎస్తేరమ్మ పెన్ను కింద పడేసుకుంది.
పక్కమంచం కుర్రాడు కూడా
బూంది ముక్కుకేసే చూస్తున్నాడు.
నేను సిగ్గు విడిచి కొంగు దులిపాను.
అది మొహం తిప్పుకుంది.

మూడు రాలేదు.
తుమ్మని తుమ్ముని ఆయనెలా లెక్కేస్తాడు,
లేని టిక్కీని ఏనాడూ రాయించనివాడు?

ఈ చీర మాత్రం
వచ్చే మంగళవారం దాకా ఉతకను.