స్కేలు

రాయదుర్గం, ఆరో అంతస్తు.
ఇంటర్న్‌గా నాకిచ్చిన మొదటి పనిముట్టు
ముప్పై సెంటీమీటర్ల స్కేలు.
పొద్దున్నే తొమ్మిది పేపర్లు పరిచి
క్లయింటు పేరున్న చోటల్లా కొలవాలి,
ఎత్తు, వెడల్పు, దాని ఖరీదు.

మధ్యాహ్నాలు ఫోన్లు.
"సార్, మెయిల్ అందిందా?"
"ఏ మెయిలమ్మా? పొద్దుట్నుంచి నలభై వచ్చినయ్."

జీడిమెట్లలో రంగుల ఫ్యాక్టరీ గోడ దాటి
ఘాటు బస్తీలోకి దిగిన రాత్రి
నేను "లీకేజీ" అని రాశాను.
హిమజ మేడం కోప్పడలేదు.
నా చాయ్ కప్పు పక్కకు జరిపి
ఒక్క మాట చెరిపి
"స్వల్ప అంతరాయం" అని కొట్టింది.
ఎంత ఒద్దికగా కూర్చుందో వాక్యంలో!

మర్నాడు అచ్చయింది, పొల్లుపోకుండా.
నా పేరు లేని నా మొదటి రచన.
కొలిచాను. పద్నాలుగు సెంటీమీటర్లు.
సిగ్గులేకుండా సంతోషమేసింది.

సాయంత్రం మెట్రో. అమీర్‌పేటలో మారాక
ఎదుటి సీట్లో ఒకామె
పిల్లాడి కళ్లు తడి కొంగుతో అద్దుతోంది.
ఏ బస్తీ వాళ్లో. అడగలేదు.
వాడే నా బ్యాగులోంచి పొడుచుకొచ్చిన స్కేలు లాక్కుని
ఎర్రబడ్డ ఒంటికన్నుతో అంకెలు చదివాడు,
ఒకటి, రెండు, మూడు...
పదమూడు దాకా వచ్చి
తర్వాతేంటన్నట్టు
నా మొహంలోకి చూశాడు.